అత్తయ్య కంటికి ఆనిన అక్షరాలు

నాగవేణి గీసిన అక్షరాలు విజయవాడ నుంచి అవనిగడ్డ దాకా ఏదో ఒక స్తంభానికి వేలాడుతూనే ఉంటాయి. ఓణీల ఫంక్షనుకీ, పంచెల ఫంక్షనుకీ, గృహప్రవేశానికీ, రిటైరైన మేష్టారి సన్మానానికీ ఫ్లెక్సీ కట్టని ఊరు ఈ డెల్టాలో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఆ ఫ్లెక్సీల మీద మనుషుల ఫొటోలు పెద్దవిగా ఉంటాయి, వాళ్ల మెడల్లో గొలుసులు ఇంకా పెద్దవిగా ఉంటాయి. పేరు రాసిన అక్షరాల వంక మాత్రం ఎవరూ నిలబడి చూడరు. చూస్తే తెలుస్తుంది, అవి అందరి కంప్యూటర్లలోనూ ఉండే ఆ నాలుగు ఫాంట్లలోవి కావని. ఒక్కో అక్షరాన్నీ నాగవేణి ఫొటోషాప్‌లో పెన్ టూల్‌తో చుక్క చుక్కా పెట్టుకుంటూ కొత్తగా గీస్తుంది. తలకట్టుని మామిడిపిందెలా వంచుతుంది, కొమ్ముని జడకుచ్చులా కిందికి వదులుతుంది. ఆ పైన లేయరు మీద లేయరు వేసి బంగారు పూత, అంచుకి మెరుపు, అడుగున పల్చటి నీడ పెడుతుంది. ఒక పేరుకి ఒక పూట పడుతుంది.

ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ అని అడిగితే ఇద్దరి పేర్లు చెబుతుంది. మొదటివారు గాంధీనగర్లో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు నడిపే స్టీఫెన్‌గారు. రెండోవారు అత్తగారు వెంకటరావమ్మ. నేర్పేనాటికి ఆవిడకి అ ఆలు కూడా రావని ఆ వెంటనే చెబుతుంది. అది విని నవ్వినవాళ్లని నాగవేణి ఏమీ అనదు గానీ, వాళ్లకి టీ మాత్రం చెప్పదు.

పదకొండేళ్ల కిందట పెడనలో మగ్గం అన్నం పెట్టడం మానేసింది. మొగుడు తేజేశ్వర్ విజయవాడ ఆటోనగర్లో లారీల కమాన్‌పట్టీలు బిగించే పనిలో కుదిరాడు. నాలుగేళ్ల కూతురు కీర్తననీ అత్తగారినీ వెంటబెట్టుకుని నాగవేణి పటమటలో ఒక మేడ మీది రెండు గదుల్లోకి దిగింది. ఇంటర్ చదివింది కదా అని స్టీఫెన్‌గారు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. పాత డిజైన్లలో పేర్లు మార్చడం, ఫొటోలు మార్చడం, ఇదీ ఉద్యోగం. మొదట్లో మౌస్ నొక్కే ముందు పదిసార్లు ఆలోచించేది. మగ్గం మీద ఒక తప్పు పోగు పడితే దాన్ని విప్పడానికి పూటంతా పోయే ఇంట్లో పెరిగిన పిల్ల మరి.

"తప్పు చెయ్యండమ్మా, ఏం కాదు," అనేవారు స్టీఫెన్‌గారు. "కంట్రోల్ జెడ్ నొక్కితే పోద్ది. ఇంట్లో దొరకదు, బయటా దొరకదు ఇలాంటి సదుపాయం. ఇక్కడైనా వాడుకోండి."

ఆ మాటకి ఆవిడ ఈనాటికీ ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకుంటుంది. ఏ ఒక్కరోజూ విసుక్కోకుండా, ఆడపిల్ల కదా అని చిన్నచూపు చూడకుండా, తనకొచ్చిన విద్య అంతా ఆయన ఆవిడ ముందు పరిచేశారు.

రెండో గురువు బయటపడింది మాత్రం వానాకాలంలో. బాల్కనీలోకి జల్లు కొడుతోందని, షాపులో పాడైపోయిన ఫ్లెక్సీ ఒకటి తెచ్చి నాగవేణి గ్రిల్లుకి కట్టింది. వెంకటరావమ్మ టీగ్లాసు పట్టుకుని దాని ఎదురుగా కూర్చుంది. రెండు గుక్కలు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"అమ్మాయ్, ఆ ఎర్రదాంట్లో ఐదోది చూడు. పక్కదాని మీద పడబోతంది. ఎవరూ పట్టుకోలా?"

నాగవేణి చూసింది. ఆ పేరు టైపు చేసింది తనే, ఉదయం నుంచి ఇరవైసార్లు చదివింది. ఐదో అక్షరం నిజంగానే ముందుకి తూలుతోంది, పక్కదానికి ఊపిరాడటం లేదు.

"మీకెట్టా తెలిసింది అత్తయ్యా?"

"తెలిసేదేముంది, ఎదురుగుండా కనపడతంటే. మీరు చదివేస్తారే. చదివేశాక ఇంక చూడరు. నాకు చదువు లేదుగా, చూట్టమే నా పని."

ఇరవయ్యారేళ్లు మగ్గం దగ్గర గడిపిన కళ్లు అవి. గది ఇవతల నిలబడి అవతల చీర అంచులో తెగిన పోగు ఎక్కడుందో చెప్పగల మనిషి. మర్నాటి నుంచి నాగవేణి తను చేసిన అక్షరాలన్నీ ఫోన్లో ఇంటికి తెచ్చేది. ఫొటోలూ పూలూ ఏమీ లేకుండా, తెల్లటి జాగా మీద ఉత్త అక్షరాలే. సాయంత్రం టీ వేళ అత్తగారి ముందు ఫోను పెట్టి చేతులు కట్టుకు కూర్చునేది. "దీనికి నడుం లేదే." "ఇది ఒక్కతే తిని, పక్కవాటిని పస్తు పెట్టింది." "ఇక్కడ నేత వదులైంది, దగ్గరికి లాగు." తీర్పు చెప్పేసి ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీసుకునేది. నాగవేణి మర్నాడు షాపుకెళ్లి అవన్నీ దిద్దేది. దిద్దాక చూస్తే ఆ అక్షరాలకి ప్రాణం వచ్చినట్టుండేది.

అలా పదకొండేళ్లు. కంకిపాడు నుంచీ గుడివాడ నుంచీ జనం వచ్చి, "మా బావగారింట్లో పంచెల ఫంక్షనుకి అక్షరాలు రాసినావిడ ఎవరండీ?" అని అడిగే దాకా వచ్చింది పేరు. అందులో సగం పేరు ఎవరిదో నాగవేణికి బాగా తెలుసు. కృతజ్ఞత కడుపులో ఉంటే చాలు, నోటితో చెప్పాలా ఏంటి అనుకునే కుటుంబాల్లో పుట్టింది కనక ఎప్పుడూ చెప్పలేదు.

కిందటి ఏడాది వేసవిలో ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కీర్తన పలక పట్టుకుని కూర్చుంది. ఎదురుగా వెంకటరావమ్మ కళ్లజోడు సర్దుకుని, బలపంతో 'అ' దిద్దుతోంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి నాలిక కొస బయటపెట్టి మరీ దిద్దుతోంది.

"నానమ్మే అడిగిందమ్మా, చదువు చెప్పమని," అంది కీర్తన.

సంతోషించాల్సిన చోట నాగవేణికి గుండె జారింది. ఈవిడ చదవడం నేర్చుకుంటే ఇంక చూడదు. అందర్లాగే చదివేస్తుంది. తన అక్షరాలకి ఆ కళ్లు పోతాయి. ఆ ఆలోచన ఎంత చెడ్డదో తనకి ఆ క్షణంలోనే తెలుసు. తెలిసీ నోరు ఊరుకోలేదు.

"ఇప్పుడెందుకత్తయ్యా, అసలే సుగరు, కళ్లకి శ్రమ. కీర్తనా, నీకు టెన్త్ వస్తంది, నీ చదువు చూసుకో ముందు."

వెంకటరావమ్మ కోడలి మొహంలోకి ఒకసారి చూసింది. "సరేలే," అని పలక గోడకి చేర్చి లేచింది. పోట్లాడినా బాగుండేది. ఆ 'సరేలే' నాగవేణిని ముల్లులా గుచ్చుతూనే ఉండిపోయింది. అయినా మర్నాడు సాయంత్రం మళ్లీ ఫోను పట్టుకెళ్లి ఎదురుగా కూర్చుంది. మనిషి స్వార్థానికి సిగ్గు తక్కువ.

తర్వాత ఆరు నెలలకి, చల్లపల్లి వైపు నుంచి ఒక చేనేత సంఘం వాళ్లు షాపుకి వచ్చారు. సంఘం పెట్టి డెబ్బై అయిదేళ్లు అవుతోందట. ముఖద్వారం మీదికీ, ఆహ్వానపత్రం మీదికీ, చీరలు పెట్టే అట్టపెట్టెల మీదికీ ఒకటే అక్షరాలు కావాలి. 'చేనేత సంఘం, డెబ్బై అయిదు వసంతాలు.' సంఘం అధ్యక్షుడు హనుమయ్యగారు ఒక్క మాటే చెప్పారు.

"చూస్తే నేసినట్టుండాలమ్మా. కంప్యూటర్లో కొట్టినట్టు ఉండకూడదు."

ఫ్లెక్సీ అయితే నాలుగు రోజులు వేలాడి ఎవరి పశువులపాకకో కప్పు అవుతుంది. ముఖద్వారం అలా కాదు, సిమెంటులో ఉండిపోతుంది. పదకొండేళ్లలో నాగవేణి చేతి పని ఏదీ వీధిలో నెల దాటి నిలవలేదు. పైగా ఇది నేతవాళ్ల వాకిలి. అక్కడ తప్పు చేస్తే పుట్టింటి పరువూ మెట్టింటి పరువూ కలిసి పోతాయి. ఆవిడకి ఆకలి నిద్ర లేకుండా పోయింది.

పది రోజులు కూర్చుంది. జూమ్ పెంచుకుని, ఒక్కో గీతలో పడుగూ పేకా కనబడేలా సన్నటి దారాలు అల్లింది. సున్నాలు మూడొచ్చాయి ఆ రాతలో. మూడింటినీ మూడు బుటాలు చేసింది, లోపల ఎనిమిది రేకుల పువ్వు, చుట్టూ జరీ. చేస్తున్నంతసేపూ పుట్టింటి మగ్గం ముందున్నట్టే ఉంది. పూర్తయ్యాక ఫోన్లో వేసుకుని ఇంటికి పరుగెత్తింది.

వెంకటరావమ్మ ఫోను తీసుకుంది. చూసింది. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. మొహం వెలిగింది.

"బాగుందమ్మాయ్," అంది.

అంతే. నడుం మాట లేదు, నేత వదులు మాట లేదు. నాగవేణి మర్నాడు రంగు మార్చి చూపించింది. "బాగుంది." ఆ మర్నాడు మందం తగ్గించి చూపించింది. "చాలా బాగుంది." పదకొండేళ్లలో ఆవిడ నోట వినని మాట మూడు రోజుల్లో మూడుసార్లు విన్నది. వంక పెట్టడానికి ఏమీ లేనంత గొప్పగా చేశానేమో అని మురిసి చల్లపల్లికి పంపింది.

హనుమయ్యగారు ఫోన్ చేశారు. "అమ్మా, శ్రమ పడ్డారు, తెలుస్తానే ఉంది. కానీ ఏదో తేడాగా ఉందమ్మా. ఏంటో నేను చెప్పలేను. కంటికి ఆనట్లేదు. ఆదివారం దాటితే మేస్త్రీకి ఇవ్వడం కష్టం, ఇంకోసారి చూడండి."

నాగవేణి చూసింది. రెండు రోజులు చూసింది. ఎంత చూసినా 'చేనేత సంఘం' అని చదవడమే అవుతోంది తప్ప ఏమీ కనబడటం లేదు. శనివారం స్టీఫెన్‌గారిని అడిగితే ఆయనా తల గోక్కుని, "బాగానే ఉందే!" అన్నారు.

ఆదివారం పొద్దున్నే ఫోను పట్టుకుని అత్తగారి దగ్గర కూలబడింది. "అత్తయ్యా, ఇందులో ఎక్కడో తప్పుంది. వాళ్లు ఒప్పుకోలేదు. మీరన్నా చెప్పండి."

వెంకటరావమ్మ ఫోను తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది.

"ఏం చెప్పనే. నాకు చదవడం వచ్చేసింది."

నాగవేణి చటుక్కున తలెత్తి చూసింది.

"కింద వాటాలో సీతారావమ్మ పంతులమ్మ లేదూ, ఆవిడ నేర్పింది. నువ్వటు షాపుకి పోంగానే నేనిటు దిగేదాన్ని. దొంగతనంగా చదివిన చదువు, గట్టిగా చెప్పుకోడానికి లేదు." చిన్నపిల్లలా నవ్వింది. "నువ్వెందుకు వద్దన్నావో నాకు ఆ రోజే తెలిసిందిలే. సుగరూ కాదు, కళ్లూ కాదు."

నాగవేణి తల దించుకుంది. "తప్పయిపోయింది అత్తయ్యా. మీ చూపు పోతదేమోనని భయపడ్డా. నా కోసమే ఆలోచించుకున్నా. కానీ మీకు ఈ వయసులో చదువు మీదకి ఎందుకు పోయింది మనసు?"

"ఎందుకేంటే! పదకొండేళ్ల నుంచీ నువ్వు చూపిస్తన్నావు, నేను చూస్తన్నా. అది సన్నగుంది, ఇది లావుగుంది అని తగుదునమ్మా అని చెబుతున్నా. అందులో ఏం రాసుందో నువ్వు ఒక్కనాడన్నా చెప్పావా? నేనూ అడగలా. ఏదో పనిలో ఉన్న పిల్ల, విసిగించడం ఎందుకులే అని. నా కోడలు రాసింది నేను చదువుకోవాలనిపించదా నాకు?"

నాగవేణి ఏడ్చేసింది. పదకొండేళ్లు. వేల పేర్లు. ఒక్కటంటే ఒక్కటి చదివి వినిపించలేదు. చదువు రాని మనిషి కళ్లు వాడుకుంది గానీ, ఆ కళ్ల వెనక మనిషికి అందులో ఏముందో తెలుసుకోవాలని ఉంటుందన్న సంగతే తనకి తట్టలేదు.

"ఏడుపాపు ముందు, అవతల ఆదివారం అయిపోతంది," అంది వెంకటరావమ్మ. "నువ్వు భయపడ్డది నిజమేనే. అక్షరం కనపడంగానే నోరు పలికేస్తంది, కన్ను వెనకబడతంది. ఇట్టా కాదుగానీ..." అంటూ ఫోనుని పక్కకి తిప్పింది. బొమ్మ కూడా గిర్రున తిరిగి మళ్లీ నిటారుగా నిలబడింది. ఇటు తిప్పితే అదీ ఇటు తిరిగింది. "పాడు ఫోను! మనం తిప్పితే అదీ తిప్పుకుంటదేంటే? దీన్ని తలకిందులు చెయ్యి. చదవడానికి కుదరకుండా చెయ్యి."

నాగవేణి కళ్లు తుడుచుకుని బొమ్మని తలకిందులు చేసి ఇచ్చింది. ఈసారి వెంకటరావమ్మ పెదవులు కదల్లేదు. కళ్లు చిన్నవయ్యాయి. ఫోను దూరం పెట్టింది, దగ్గరకి తెచ్చింది. పాత మనిషి తిరిగొచ్చేసింది.

"ఇదిగో, ఈ పూల గుండ్రాలు మూడూ. కన్ను పొయ్యి వాటి మీదే పడతంది. మిగతావన్నీ వాటికి నౌకర్లల్లే ఉన్నయ్. చీరంతా వదిలేసి బుటా నేస్తే ఎవరు కట్టుకుంటారే? చిన్నవి చెయ్యి. పూలు పీకేసి ఉత్త జరీ ఉంచు."

ఆ మూడు సున్నాలే. నాగవేణి తలకిందులుగా చూస్తే తనకీ కనబడింది. పది రోజులు తను ముద్దు చేసి, ముద్దు చేసి పాడుచేసిన ముగ్గురు బిడ్డలు. అప్పటికప్పుడు బస్సెక్కి గాంధీనగర్ వెళ్లి, స్టీఫెన్‌గారి చేత షాపు తాళం తీయించి, మూడింటినీ సగానికి తగ్గించి పంపింది. అరగంటలో హనుమయ్యగారి దగ్గర్నుంచి ఫోను. "అమ్మా, ఇదీ నేతంటే!"

ఆ రోజు నుంచి షాపులో ఏ డిజైనైనా ఒకసారి తలకిందులు చేసి చూడకుండా ప్రింటుకి పంపకూడదని స్టీఫెన్‌గారు నియమం పెట్టారు. ఈ పనిలో పెద్ద పెద్ద వాళ్లు కూడా ఇలాగే చూస్తారని ఆయనెక్కడో విన్నారట. వెంకటరావమ్మ మాత్రం ఎక్కడా వినలేదు.

ముఖద్వారం ప్రారంభానికి అత్తాకోడళ్లిద్దరూ చల్లపల్లి వెళ్లారు. రిబ్బను కత్తిరించక ముందే వెంకటరావమ్మ ఆ అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా, ఊరందరికీ వినబడేలా చదివేసింది. హనుమయ్యగారు కత్తెర పట్టుకుని ఆవిడ పూర్తి చేసే దాకా ఆగారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కూచిపూడి దాటాక వెంకటరావమ్మ చెయ్యి చాపింది. "ఏదీ, ఆ ఫోనిటివ్వు. పాతవన్నీ ఉన్నయ్యా అందులో?"

ఉన్నాయి. నాగవేణి ఏదీ చెరిపేయదు. ఒక్కొక్కటే జరుపుతుంటే ఆవిడ కూడబలుక్కుని చదువుతోంది. "చి... రం... జీ... వి. ఓహో, పంచెల ఫంక్షను! ఇదా? ఇది పెళ్లి. ఇది నాకు గుర్తే, నడుం వంకరని తిట్టాను. గృహప్రవేశమా ఇది!" వెనక సీట్లోవాళ్లు నవ్వుకుంటున్నారు. ఆవిడకి పట్టింపు లేదు.

పామర్రు దాటాక ఒకదాని దగ్గర వేలు ఆగింది. "క... న్నీ... టి... ని... వా..." ఆపేసింది. "ఇది చావుదా?"

"అవునత్తయ్యా. తొమ్మిదేళ్లయింది."

కింద చిన్న అక్షరాలు కూడా చదివింది. సిద్ధార్థ. ఇరవై రెండేళ్లు. "అయ్యో. అయ్యో తండ్రీ. పిల్లాడు గదే." ఫోను ఒళ్లో పెట్టుకుంది. "నేను ఇదేదో పుట్టినరోజుదనుకున్నా. ఇంత దిగాలుగా ఉందేంటి, చివర్న ఓ మల్లెమొగ్గ పెట్టు అన్నా. ఛీ, చావు కాగితం మీద పూలు పెట్టమన్నానా నేను!"

ఆవిడ కళ్లు నిండాయి. ముక్కూ మొహం తెలియని పిల్లాడి కోసం, తొమ్మిదేళ్ల తర్వాత.

నాగవేణికి అప్పుడు గుర్తొచ్చింది, తను ఇంతకాలం ఇవ్వకుండా ఉంచేసుకున్నదేంటో. అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"పెట్టాను అత్తయ్యా. మీరన్నారని మొగ్గ పెట్టాను. పెద్దకర్మ అయ్యాక ఆ పిల్లాడి తల్లి షాపుకొచ్చింది. రోడ్డు మీద అన్ని ఫ్లెక్సీలూ చావులాగే ఉన్నయ్యంట, ఇదొక్కటే తన కొడుకులా ఉందంట. ఆ పేరూ ఆ మొగ్గా వరకు కత్తిరించి ఇంట్లో ఫ్రేము కట్టించుకుందంట. నా రెండు చేతులూ కళ్లకద్దుకుని, నీ మేలు మర్చిపోనమ్మా అంది. నేను ఊరుకున్నా అత్తయ్యా. అది మీదని చెప్పలేదు. ఇంటికొచ్చి మీకూ చెప్పలేదు."

వెంకటరావమ్మ కాసేపు కిటికీలోంచి చెరుకుతోటలు చూసింది.

"మరి ఇప్పుడు చెబుతున్నావేం?"

"ఇప్పుడు చదివారుగా."

బస్సులో అందరూ చూస్తుండగానే నాగవేణి అత్తగారి రెండు చేతులూ తీసుకుని, ఆ తల్లి తనకి ఎలా చేసిందో అలాగే కళ్లకద్దుకుంది. "ఇది ఆవిడది," అంది. మళ్లీ అద్దుకుని, "ఇది నాది అత్తయ్యా," అంది.

వెంకటరావమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు.